తలుపు బయటి కుర్చీ

గురువారం సాయంత్రం రిహార్సల్ ఐదింటికి. వీరేశం నాలుగింటికే వచ్చి కిటికీలు తెరిచి, గోడవారన చుట్టిపెట్టిన గళ్ల తివాచీని హాలు మధ్యకు దొర్లించాడు. ఆ నలుపు తెలుపు తివాచీని ఒక్క మనిషి పరచలేడని అందరూ అంటారు. అనేవాళ్లలో ఒక్కరూ పరిచి చూడలేదు. ఒక మూల మీద మోకాలు ఆనించి రెండో మూలను అరచేత్తో తోస్తే చాలు, అదే దారికొస్తుంది. తివాచీ పరిచాక మూడు కొవ్వొత్తి స్తంభాలు నిలబెట్టాడు. తూర్పున మాస్టర్ కుర్చీ ముందు బల్ల తుడిచి, గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథం పక్కపక్కనే సర్దాడు. చివరగా హాలు బయటికొచ్చి, మెట్ల దగ్గరున్న తన ప్లాస్టిక్ కుర్చీని తలుపుకు ఆనించి పెట్టుకున్నాడు. పక్కన గోడకు కత్తి వేలాడదీశాడు.

గోపన్‌పల్లిలో వీరేశం లాడ్జికి పోతున్నానంటే, గదులు కిరాయికిచ్చే చోట వాచ్‌మన్‌గా ఉంటున్నాడని చాలామంది అనుకుంటారు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా రిటైరైన మనిషికి ఈ వయసులో ఆ ఖర్మేమిటని జాలిపడేవాళ్లూ ఉన్నారు. మొదట్లో ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. ఇది మాసోనిక్ లాడ్జి, అందులో అందరూ అన్నదమ్ములు, లోపల జరిగేది బయట చెప్పకూడదు అని. చెప్పకూడదన్న మాట విన్నాక అవతలివాళ్ల అనుమానం పెరిగేదే గాని తగ్గేది కాదు. దాంతో మానేశాడు.

లాడ్జిలో ఏడాదికొకసారి మాస్టర్ మారతాడు. ఆయనతో పాటు మిగతావాళ్లందరూ ఒక్కొక్క కుర్చీ పైకి జరుగుతారు. లోపలివైపు తలుపు దగ్గర నిలబడే అంతర రక్షకుడితో మొదలైన మనిషి, ఏడాదికో మెట్టు చొప్పున ఆరేడేళ్లకు తూర్పు కుర్చీ చేరతాడు. ఆ వరసలో లేని కుర్చీ ఒక్కటే ఉంది. అది తలుపు బయటిది, ద్వారపాలకుడిది. 'ఈ ఒక్క ఏడాదికి సర్దుకోండి' అని వీరేశాన్ని అందులో కూర్చోబెట్టి పదకొండేళ్లయింది.

ఐదింటికి రామబ్రహ్మం గారు వచ్చారు. డెబ్బై ఆరేళ్ల మనిషి. ప్రభుత్వంలో అనువాద శాఖలో పనిచేసి, నల్లగండ్లలో ఉంటున్నారు. లాడ్జిలో ఎవరు ఎటు నడవాలో, ఎప్పుడు లేవాలో చూసే కార్యనిర్దేశకుడు ఆయనే. ఇంగ్లీషులో ఉన్న తంతునంతా నాలుగేళ్లు కూర్చుని తెలుగులోకి తెచ్చిందీ ఆయనే. తెలుగంటే మీరూ నేనూ మాట్లాడేది కాదు. పగలంతా మీటింగుల్లో ఇంగ్లీషు మాట్లాడి వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆ పుస్తకం చేతికిస్తే నిలువుగుడ్లు వేస్తారు. ఒక్క దీర్ఘం పోయినా పెద్దాయన చేతికర్ర నేలను తాకుతుంది.

"ఆదివారం ఎవరెవరికి ఏ పదవో ఇందులో ఉంది. చూసుకోండి" అని ఆయన అచ్చు కాగితాలు పంచారు. పదవులిచ్చే హక్కు కొత్త మాస్టర్‌దే. అయినా మాస్టర్లందరూ ఏటా రామబ్రహ్మం గారి కాగితాన్నే చదువుతూ వచ్చారు.

వీరేశం కళ్లజోడు పెట్టుకుని కాగితం చూశాడు. పై నుంచి కాదు, కింది నుంచి. అట్టడుగున 'ద్వారపాలకుడు: వీరేశం' అని ఉంది. దాని పైన 'అంతర రక్షకుడు: ఆకాష్' అని ఉంది. ఆకాష్ లాడ్జిలో చేరి రెండేళ్లు. మంచి కుర్రాడే, ఎవరూ కాదనరు. వీరేశం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

రామబ్రహ్మం గారు అది గమనించకపోలేదు. "మీరు లేకపోతే ఆ తలుపు ఎవరు చూస్తారండీ" అన్నారు.

ఆ మాట మెచ్చుకోలే. ఏటా వినే మెచ్చుకోలు. వీరేశం ఏటా నవ్వినట్టే నవ్వి, బయటికెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

కిటికీలు తెరిచి ఏసీ వేయకపోవడంతో ఆవేళ లోపలి మాటలు బయటికి వినబడుతున్నాయి. కొత్త మాస్టర్ కాబోతున్న రవికిరణ్ ఒక్కొక్కరినీ పిలిచి, పదవి బిళ్ల వేలాడే పట్టీ, అదే కాలర్, మెడలో వేసి, ఒక్కొక్కరికి చెప్పాల్సిన మాటలు అప్పజెబుతున్నాడు. తడబడుతున్నాడు, మళ్లీ అందుకుంటున్నాడు. వరస చివరికొచ్చింది.

"ఇక ద్వారపాలకుడికి చెప్పేది ఒకటుందండీ" అన్నాడు రవికిరణ్.

"అది వదిలెయ్యండి. ఆ రోజు చూసుకోవచ్చు. అప్పటికి భోజనాల వేళ కూడా అవుతుంది" అన్నారు రామబ్రహ్మం గారు.

వీరేశం గోడకున్న కత్తిని చూశాడు. ఒర మీద దుమ్ము లేదు. అయినా లేచి తుడిచాడు.

*

శనివారం పొద్దున వీరేశం ఇంటి ముందు అరుగు మీద కాలర్ల బిళ్లలన్నీ పరిచి ఉన్నాయి. ఒక్కో పదవికి ఒక్కో బిళ్ల. మాస్టర్‌ది మూలమట్టం, అంతర రక్షకుడిది ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసిన రెండు కత్తులు, ద్వారపాలకుడిది ఒంటికత్తి. భార్య బుచ్చమ్మ నానబెట్టిన చింతపండు గుజ్జుతో రుద్ది ఇస్తుంటే, వీరేశం కడిగి పాత పంచె ముక్కతో తుడుస్తున్నాడు.

"ఏమయ్య, గీ ఒంటికత్తిది నేను తోమవట్టి ఎన్నేండ్లాయె" అంది బుచ్చమ్మ.

"పదకొండు."

"గందుకే గింత పల్చగయ్యింది. ఇంకో రెండేండ్లు తోమితే మెడల కాయితం ఏసుకున్నట్టుంటవ్."

గేటు ముందు కారు ఆగింది. రవికిరణ్ దిగాడు. ఒక పెద్ద కంపెనీలో నలభైమందికి పని చెప్పే మనిషి, చేతిలో రామబ్రహ్మం గారి పుస్తకం పట్టుకుని, తప్పు చేసి బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"వీరేశం గారూ, కాస్త టైముందా? అరవై ఒకటో పేజీ నాకు రావడం లేదండీ."

అరవై ఒకటో పేజీ అంటే ద్వారపాలకుడికి చెప్పేది. వీరేశం చేతులు తుడుచుకున్నాడు. "కూసోండ్రి సార్. గా పేజీ వదిలెయ్యుమన్నరు గదా పెద్దసారు."

"అన్నారు. కానీ అన్నీ నేర్చుకుని ఒకటి వదిలేస్తే బావుండదు కదండీ. పోయినేడు మాస్టర్ అయినప్పుడు గిరీష్ గారు మీకేం చెప్పారు?"

"గిరీష్ సారా? 'సోదరా, ఈ ఖడ్గము గైకొనుము' అన్నడు."

"అంతేనా? అంతకుముందేడు?"

"గదే మాట. కింద నుంచి బిర్యానీ వాసనొస్తుంటది సార్. డెబ్బైమంది ఆకలి మీదుంటరు. నేను ఆఖరోన్ని. ఎవరైనా ఏం చేస్తరు." వీరేశం నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. "పదకొండేండ్లల్ల గా పేజీ ఒక్కలు గూడ పూరాగ చదవలే సార్. నాకైతే నోటికొచ్చు. నాకు నేనే చెప్పుకుంట కూసుంట."

ఆ మాట అనకపోతే బావుండేదని ఆయనకు వెంటనే అనిపించింది.  బుచ్చమ్మ మాత్రం ఊరుకోలేదు.

"గీయన పదకొండేండ్ల సంది గా తలుపుకు ఆనుకుని కూసుంటుండు సారూ. లోపట ఏం జరుగుతదో అడిగితే చెప్పడు. సీక్రేటేమో అనుకుంటి. మాస్టర్‌ను కూసోవెట్టే పండుగ ఎట్లుంటదో ఈయనకే తెల్వదని మొన్న తెలిసింది. ఒక్కసారన్న లోపటికెల్లి చూడాలని ఆశ. ఇంట్లనైతే అంటడు, ఆడ నోరు తెరవడు."

"నువ్వు జర ఊకుంటవా" అన్నాడు వీరేశం.

ఆమె చెప్పింది నిజమే. ఆయన లాడ్జిలో చేరిన ఏడు, చేరేసరికే ఆ వేడుక అయిపోయింది. మరుసటేడు బయట కూర్చోబెట్టారు. పదకొండు మంది మాస్టర్లు తూర్పు కుర్చీ ఎక్కారు. ఆ వేడుక ఒక్కటీ ఆయన లోపల కూర్చుని చూడలేదు. చప్పట్లు మాత్రం విన్నాడు.

రవికిరణ్ కాసేపు ఒంటికత్తి బిళ్లను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "నేను మొదటిసారి వచ్చినరోజు నా కళ్లకు గంత కట్టింది మీరే. గుర్తుందా?"

"అందరికి నేనే గడ్తి గద సార్. మీ చేతులు వణుకుతుండె."

"అవునండీ. మీరు భుజం మీద చెయ్యేసి, 'ఫికర్ చెయ్యకు, నేనీడనే ఉంట' అన్నారు. తరువాత లోపల చాలా మాటలు చెప్పారు. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ ఒక్క మాటే."

వీరేశం పుస్తకం అందుకుని ఆ పేజీ తీసిచ్చాడు.  "చదువుండ్రి మరి. వింట."

గంటసేపు చదివించాడు. రవికిరణ్‌కు ఒక్కచోట నాలుక తిరగలేదు. 'నీ అంతరాత్మ తక్క వేరొకడు లేడు' అన్నచోట ప్రతిసారీ 'తప్ప' అంటున్నాడు.

"తక్క, సార్. అర్థం గదే, గని పెద్దసారు కర్ర కొడ్తడు."

"తక్క, తక్క, తక్క" అనుకుంటూ రవికిరణ్ కారెక్కాడు. బుచ్చమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

*

ఆదివారం పదింటికల్లా మెట్ల నిండా నల్లకోట్లే. పక్క లాడ్జిల నుంచి కూడా వచ్చారు. వీరేశం తెల్ల చేతితొడుగులు వేసుకుని ఒక్కొక్కరిచేత పుస్తకంలో సంతకం చేయించి లోపలికి పంపాడు. ఒకరి కాలర్ తిరగబడితే సరిచేశాడు. ఒకరికి చేతితొడుగులు లేకపోతే తన సంచిలోంచి ఇచ్చాడు. అందరూ వెళ్లాక తలుపు మూసుకుంది. ఏసీ వేశారు.

ఏసీ వేస్తే మెట్ల దగ్గరున్న దాని మిషను పిండిమరలా మోగుతుంది. లోపలివాళ్లు తలుపు మీద మూడుసార్లు కొడతారు. బయట ద్వారపాలకుడు ఉన్నాడని తెలియడానికి మళ్లీ మూడుసార్లు కొట్టాలి. ఆ మోతలో కొట్టింది వినబడదు. లాడ్జి ఈ బిల్డింగులోకి వచ్చిన మొదటి నెలలోనే వీరేశానికి సంగతి అర్థమైంది. కుర్చీని తలుపుకు ఆనించి, కుడి భుజం చెక్కకు తగిలేలా కూర్చుంటాడు. చెవితో కాదు, భుజంతో వింటాడు. వీరేశం ఒక్క క్షణం ఆలస్యం చేయడని లోపల అందరూ మెచ్చుకుంటారు. ఎలాగో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పదకొండున్నరకు తలుపు తెరుచుకుంది. ఇదీ ఏటా జరిగేదే. కొత్త మాస్టర్‌ను కుర్చీలో కూర్చోబెట్టే ఘడియలో, ఇంతకుముందు మాస్టర్లుగా చేసినవాళ్లే లోపల ఉండాలి. మిగతావాళ్లందరూ బయటికి రావాలి. యాభైమంది మెట్ల మీద వీరేశం కుర్చీ చుట్టూ నిలబడ్డారు. ఏడాదికి ఆ పావుగంట ఆయనకు ఇష్టం. అప్పుడు బయటుండేది ఆయనొక్కడే కాదు.

ఆకాష్ పక్కకొచ్చి నిలబడ్డాడు. చెమటలు పట్టి ఉన్నాడు. "అంకుల్, ఒక్క లైన్ కూడా రాలేదు నాకు. ఈ వారమంతా ఆఫీసులో రిలీజ్. అంతర రక్షకుడు ఫస్ట్ ఏం అనాలె?"

ఎవరికివ్వాల్సిన పాఠం ఎవరికిచ్చారో అని వీరేశానికి ఒక్క క్షణం చురుక్కుమంది. ఆకాష్ ముఖం చూశాక అది నిలవలేదు. వేళ్లు మడుస్తూ ఒక్కొక్క మాటా చెప్పాడు. ఆకాష్ పెదాలు కదిపాడు. రెండో వాక్యం దగ్గరే కలిపేశాడు.

పావుగంట అరగంటైంది. కింద నుంచి బిర్యానీ వాసన మెట్లెక్కి వచ్చింది.

"ఏంది ఇయ్యాల ఇంతసేపు" అన్నారెవరో.

"లోపట ఏం జరుగుతుందో నన్నడిగితే ఎట్ల" అన్నాడు వీరేశం. అందరూ నవ్వారు.

తలుపు తెరుచుకుంది. యాభైమందీ లోపలికి వెళ్లారు. చప్పట్లు మిషను మోతను కూడా మించి వినబడ్డాయి. ఇక పదవులు పంచుతారు. చివరికి తనను పిలుస్తారు, 'ఖడ్గము గైకొనుము' అంటారు, మళ్లీ బయటికి పంపుతారు. వీరేశం కోటు గుండీ పెట్టుకుని కూర్చున్నాడు.

అనుకున్నదానికంటే ముందే తలుపు తెరుచుకుంది. పోయినేడు అంతర రక్షకుడిగా చేసిన ఓంకార్ తల బయటపెట్టాడు. "మాస్టర్ గారు రమ్మంటున్నారు. కత్తి కూడా తెమ్మన్నారు. తలుపు నేను చూస్తాలెండి."

వీరేశం గళ్ల తివాచీ మీదుగా నడిచాడు. తూర్పు కుర్చీలో రవికిరణ్ ఉన్నాడు. మెడలో మూలమట్టం మెరుస్తోంది. చింతపండు బాగా పనిచేసిందని వీరేశానికి తోచింది. కత్తిని బల్ల మీద పెట్టి తలవంచాడు. రవికిరణ్ కుర్చీ దిగొచ్చి, కాలర్ అందుకుని, ఆయన మెడలో వేయబోయాడు.

బిళ్ల మీద రెండు కత్తులున్నాయి.

పాపం, కంగారులో తప్పు కాలర్ తీశాడు. డెబ్బైమంది ముందు, అతిథుల ముందు పరువు పోతుంది. వీరేశం పెదాలు కదలకుండా అన్నాడు. "సార్, గిది గాదు. నాది ఒంటికత్తిది. పక్కనే ఉంది."

"తప్పు కాదు, బ్రదర్ వీరేశం" అన్నాడు రవికిరణ్, అందరికీ వినబడేలా. "నిన్ను ఈ లాడ్జి అంతర రక్షకునిగా నియమించుచున్నాను."

వీరేశం కళ్లు ముందు రామబ్రహ్మం గారి కోసం వెతికాయి. కాగితంలో లేనిది జరిగితే ఆయన కర్ర ఊరుకోదు. పెద్దాయన తన చోట నిటారుగా నిలబడి ఉన్నారు. కర్ర కదల్లేదు. వెనక వరసలో ఆకాష్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేస్తున్నాడు, తప్పించుకున్నానన్న సంతోషం ముఖమంతా పరుచుకుని. రవికిరణ్ అతన్ని భోజనాల ఏర్పాట్లకు వేశాడని తరువాత తెలిసింది.

వీరేశం వచ్చి లోపలివైపు తలుపు పక్కన నిలబడ్డాడు. ఓంకార్ పక్కకు తప్పుకున్నాడు. ఇక్కణ్నుంచి హాలంతా కనబడుతోంది. మూడు కొవ్వొత్తులూ వెలుగుతున్నాయి. పదకొండేళ్లు తనే నిలబెట్టినా అవి వెలగడం ఇంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు.  

అప్పుడు గుర్తొచ్చింది, బయట తలుపు దగ్గర ఎవరూ లేరని.

"ద్వారపాలకుడు" అన్నాడు రవికిరణ్. "బ్రదర్ రామబ్రహ్మం."

తలలన్నీ పెద్దాయన వైపు తిరిగాయి. కుర్చీలో ఉన్న మాస్టర్ మాటకు ఎదురు లేదని ఈ లాడ్జిలో అందరికీ నేర్పింది ఆ పెద్దాయనే. ఆయన తన కర్రను గిరీష్ చేతికిచ్చారు. మెల్లగా, ఒక్క అడుగూ వంక పోకుండా, గళ్ల మీద నడిచి తూర్పు ముందుకెళ్లి నిలబడ్డారు. రవికిరణ్ ఆయన మెడలో ఒంటికత్తి కాలర్ వేసి, పుస్తకం చూడకుండా మొదలుపెట్టాడు.

"సోదరా, ఈ మందిరమున నీ స్థానము కడపటిది కాదు, మొదటిది. లోపలి వెలుగును చూచువారు పలువురు. ఆ వెలుగు చెదరకుండ వెలుపల నిలుచువాడవు నీవొక్కడవే. వచ్చువారినెల్ల నీవు పరీక్షింతువు. నిన్ను పరీక్షించుటకు నీ అంతరాత్మ..."

ఆగాడు. నోరు తెరిచే ఉంది, మాట రాలేదు. ఇలాంటప్పుడు అందించవలసిన మనిషి ఎదురుగా కత్తి కోసం నిలబడి ఉన్నాడు. తన సొంత మాట తెలిసీ, అందించే హక్కులేక, రామబ్రహ్మం గారు పెదాలు బిగబట్టుకున్నారు.

"తక్క" అన్నాడు వీరేశం, తలుపు దగ్గర నుంచి.

"తక్క వేరొకడు లేడు" అన్నాడు రవికిరణ్ ఊపిరి పీల్చుకుని. "నీవు మెలకువగ నున్నంతకాలము మేము నిర్భయముగ నుందుము. ఈ ఖడ్గము గైకొనుము."

పదకొండేళ్లు తనకు తనే చెప్పుకున్న మాటలు ఇంకొకరి నోట వినడం ఇలా ఉంటుందని వీరేశం అనుకోలేదు. అవి తనతో అనడం లేదు. అయినా ఒక్కటీ పక్కకు పోకుండా అన్నీ తనకే వచ్చి తగిలాయి.

రామబ్రహ్మం గారు కత్తి పట్టుకుని తలుపు దగ్గరికొచ్చారు. వీరేశం తలుపు తెరిచాడు. పెద్దాయన ఒక్క క్షణం ఆగారు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇందాక మీరంతా బయటున్నప్పుడు రవికిరణ్ ఈ మార్పు అడిగితే, మూడుసార్లు కాదన్నానండీ" అన్నారు చెవిలో. "నాలుగోసారి ఆ పేజీ నాకే చదివి వినిపించాడు. రాసింది నేనే. పదకొండేళ్లు దాన్ని ఎవరికి వినబడకుండా దాచానో అప్పుడు తెలిసింది."

"సార్..."

"సార్ ఏమిటండీ, ఇక్కడ అందరం అన్నదమ్ములం" అంటూ ఆయన గడప దాటారు.

వీరేశం చెప్పాలనుకున్నది వేరు. కుర్చీ తలుపుకు ఆనించుకోండి, భుజం చెక్కకు తగలాలి అని. అప్పటికే మాస్టర్ సుత్తి మోగింది. ఆ తరువాత మాట్లాడకూడదు. తలుపు మూశాడు.

"బ్రదర్ అంతర రక్షకా, మన ద్వారము రక్షితమేనా? విచారింపుము."

వీరేశం తలుపు మీద మూడుసార్లు కొట్టాడు.

బదులు లేదు.

వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. పుస్తకమంతా కంఠతా వచ్చిన మనిషి, తొలిరోజే, మొదటి దెబ్బకే బదులివ్వలేదు. వీరేశం మనసుకు మాత్రం తలుపు అవతల ఆయన కనబడుతూనే ఉన్నారు. ఏసీ మిషను మోత మధ్య, కుర్చీ అంగుళం దూరంగా జరుపుకుని, వీపు నిటారుగా పెట్టి, కత్తి ఒళ్లో పెట్టుకుని, చెవులు రిక్కించి కూర్చున్న పెద్దమనిషి. దూరంగా జరుపుకున్నా, ఆ వయసులో మోకాలో మోచెయ్యో ఎక్కడో ఒకచోట చెక్కకు ఆనించకుండా ఎవరూ కూర్చోలేరు.

వీరేశం వంగాడు. కూర్చున్న మనిషి మోచేతి ఎత్తున, చెక్క పల్చగా ఉన్నచోట, పిడికిలితో గట్టిగా మూడుసార్లు కొట్టాడు.

ఒక్క క్షణం. అవతల నుంచి మూడు దెబ్బలు వచ్చాయి. కొంచెం తొందరగా, కొంచెం గట్టిగా, కాని సరిగ్గా మూడు.

వీరేశం లేచి నిలబడి తూర్పుకు తిరిగాడు. ఇప్పుడు చెప్పాల్సిన మాట ఆయనకు తెలుసు. పొద్దున ఆకాష్‌కు నేర్పిందే. పదకొండేళ్లపాటు, ప్రతి సమావేశంలో, తన గురించి లోపల ఎవరో ఒకరు ఈ మాటే చెబుతూ వచ్చారని, తనకు ఒక్కసారీ వినబడలేదని ఆయనకు అప్పుడే తట్టింది. గొంతు సవరించుకుని, అవతల కూర్చున్న మనిషికి కూడా వినబడాలన్నట్టు, ఏసీ మోతను మించి పెద్దగా చెప్పాడు.

"మాస్టర్, మన ద్వారము నమ్మదగినవాని చేత నున్నది."